బాట నడిచేటోళ్లది: అఫ్జల్‌గంజ్ నుంచి మన గూడెం దాకా

అఫ్జల్‌గంజ్ బస్టాపులో దిగి సెంట్రల్ లైబ్రరీకి నడిచిపోయే ఆదివాసీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ మాట. గ్రూప్స్ అని, డీఎస్సీ అని, కానిస్టేబుల్ అని పుస్తకాల సంచి భుజాన వేసుకుని ఉట్నూరు నుంచి, ఏటూరునాగారం నుంచి, భద్రాచలం నుంచి, మన్ననూరు నుంచి వచ్చిన మీకు. ఉస్మానియా దవాఖానలో అమ్మనో నాయననో చేర్పించి, మందుల చీటీ పట్టుకుని రోడ్డు దాటలేక నిలబడ్డ మీకు కూడా.

ఆ నాలుగడుగుల దూరం నడవడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు ఆగి ఉంటయి. లేనిచోట ఆటో, సిటీ బస్సు, బైకు మధ్యలోంచి దూరిపోవాలి. మంచం మీది మనిషిని చూడటానికి టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చిన ముసలమ్మ అటు అడుగు వెయ్యలేక, ఇటు వెయ్యలేక నిలబడుతది. ఊరినిండా నడిచేటోళ్లే ఉన్నారు. నడిచేటోళ్లకు బాట మాత్రం లేదు.

మొన్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మూసీ ఒడ్డున వాకింగ్ ట్రాకులు, సైకిల్ ట్రాకులు వేస్తరట. మనకెందుకన్నా ఈ ముచ్చట? అది బలిసినోళ్ల సోకు కదా?" ఆ ప్రశ్నకు జవాబే ఇది. ఆ తమ్ముడు సగం కరెక్టు, సగం తప్పు. తప్పయిన సగం మనకు చాలా నష్టం చేస్తుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్న.

ముందు కరెక్టయిన సగం చూద్దాం.

2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. పైన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి దారి, రాత్రి లైట్లు. నీడ ఇచ్చే కప్పే కరెంటు కూడా ఇస్తుంది. ఆలోచన మంచిదే, కాదనను. కానీ ఈ నగరంలో బతుకుదెరువు కోసం సైకిల్ తొక్కేదెవరు? పేపర్ వేసే పిల్లగాడు, రాత్రి డ్యూటీ వాచ్‌మన్, ఇంటింటికీ తిరిగే మేస్త్రీ, చాయ్ డబ్బా కట్టుకుని తిరిగే మనిషి. వాళ్లు తొక్కేది అఫ్జల్‌గంజ్‌లో, బేగంబజార్‌లో, చాదర్‌ఘాట్‌లో. ట్రాక్ వేసింది ఐటీ కంపెనీల పక్కన. కారు డిక్కీలో సైకిల్ పెట్టుకొచ్చి, తొక్కి, మళ్లీ డిక్కీలో పెట్టుకుని పోయేటోళ్లకు బాట దొరికింది. పొట్టకూటికి తొక్కేటోడికి లారీ పక్కన మట్టి అంచే మిగిలింది.

ఇక మూసీ. 55 కిలోమీటర్ల పొడుగునా నదీతీరాన్ని అందంగా చేస్తామంటున్నారు. 2024 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఏం జరిగిందో గుర్తుందా? చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ లాంటి బస్తీల్లో ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసిపోయారు. రివర్ బెడ్ అని దాని అర్థం. ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు అక్కడే బతికినోళ్లు పొద్దున లేచేసరికి నది కడుపులో ఉన్న ఆక్రమణదారులైపోయారు. కొందరిని డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు పంపారు. ఇల్లు దొరికింది సరే, పనిచేసే చోటు ఎంత దూరమైందని అడిగినోళ్లు ఎందరు?

నదికి జాగా కావాలి, అందులో అబద్ధం లేదు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి వేల ప్రాణాలు తీసింది. అఫ్జల్‌గంజ్ అంతా మునిగింది. అప్పుడు చింతచెట్టు ఎక్కి బతికినోళ్ల కథ ఉస్మానియా దవాఖాన ఆవరణలో ఇప్పటికీ చెప్పుకుంటరు. 2025 సెప్టెంబర్‌లో ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లు వచ్చినప్పుడు మీలో కొందరు అక్కడే ఉండుంటారు. వరద భయం నిజమే. అయితే ఆ భయం చూపించి బస్తీని లేపి, అదే జాగాలో షికారు బాట వేస్తే, అది నది కోసం చేసిన పని ఎట్లయితది?

ఈ బజారు పేరు ఎవరిదో కూడా తెలుసుకోండి. అఫ్జల్ ఉద్దౌలా, ఐదో నిజాం. ధాన్యం వ్యాపారులకు ఆయన ఇచ్చిన జాగా ఇది. 1857 నుంచి 1869 దాకా ఆయన ఏలుబడి. ఆ కాలంలోనే, 1860లో, నిర్మల్‌లో రాంజీ గోండును, ఆయనతోపాటు పట్టుబడ్డోళ్లను మర్రిచెట్టుకు ఉరి తీశారు. ఆ చెట్టును జనం వెయ్యి ఉరుల మర్రి అన్నారు. షావుకార్లకు గంజ్, మనకు ఉరికొయ్య. ఈ రోడ్డు మీద నడిచేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి. ఈ నగరంలో మనం చుట్టపుచూపుగా వచ్చినోళ్లం కాదు. దీని ఖజానాలో మన అడవుల కలప, మన నేల బొగ్గు ఉన్నయి.

ఇప్పుడు ఆ తమ్ముడి తప్పయిన సగానికి వద్దాం. "బాట మనకెందుకు" అనడమే ఆ తప్పు.

ఈ దేశంలో బాట కావాల్సినోళ్లలో మొదటి వరుస మనదే. అల్లూరి జిల్లా కొండల మీద నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే వీడియోలు ప్రతి వానాకాలం మన ఫోన్లలోకి వస్తయి. ఆదిలాబాద్ వైపు ఎడ్లబండిలోనో, మంచం మీదనో వాగు దాటిస్తరు. మనం ఏడుస్తం, షేర్ చేస్తం, ఇంకో వానాకాలం వస్తది. ఆ వీడియోలో ఉన్నది కూడా బాట సమస్యే. పేరు మాత్రం పెట్టరు. నగరంలో దాన్ని వాకింగ్ ట్రాక్ అంటరు, గూడెంలో "దుర్గమ ప్రాంతం" అని చేతులు దులుపుకుంటరు.

ఎందుకు రాలేదు మన ఊరికి రోడ్డు? లెక్క చూడండి. కేంద్రం గ్రామ సడక్ పథకంలో మైదానంలో 500 జనాభా, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఆవాసానికి రోడ్డు అన్నారు. 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్‌లో ఆదిమ తెగల ఆవాసాలకు దాన్ని 100కి దించారు. మంచిదే. కానీ నల్లమలలో చెంచు పెంట ఎంత ఉంటది? కొండరెడ్ల గుంపు ఎంత ఉంటది? పది ఇళ్లు, పదిహేను ఇళ్లు. వందకు తగ్గితే ఆ లెక్కలో లేరు. ఆంధ్రలో 2025 ఏప్రిల్‌లో అడవితల్లి బాట అని వెయ్యి కోట్ల పైచిలుకుతో మొదలుపెట్టారు. పేరు బాగుంది. ఆ బాట చివరి గుంపు దాకా పోతదా, మండల రోడ్డు దగ్గరే ఆగిపోతదా అన్నది అడగాల్సినోళ్లం మనమే.

ఇంకో అడ్డు అటవీశాఖ. "ఇది అడవి, రోడ్డు వెయ్యరాదు" అంటరు. ఇక్కడ చట్టం ఏం చెప్తున్నదో మీరు కంఠతా పట్టాలి. అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3(2) ఉంది. బడి, దవాఖాన, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు ఇట్లాంటి 13 అవసరాలకు, ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు చెయ్యాలి. అనుమతి కోసం ఢిల్లీ దాకా ఫైలు పోనక్కర్లేదు, డీఎఫ్ఓ స్థాయిలోనే తేలుతుంది. అభయారణ్యం, టైగర్ రిజర్వ్ అయితే వన్యప్రాణి చట్టం కూడా ముందు పెడతరు. అక్కడ ఎక్కువ కొట్లాట ఉంటది, తెలుసుకునే దిగాలి.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. హెక్టారు అంటే పదివేల చదరపు మీటర్లు. పది మీటర్ల వెడల్పున రోడ్డు వేస్తే ఆ హెక్టారు ఒక్క కిలోమీటరుకే అయిపోతది. రెండున్నర మీటర్ల వెడల్పున వేస్తే అదే హెక్టారులో నాలుగు కిలోమీటర్లు వస్తది. రెండున్నర మీటర్ల బాట మీద ఏమేం పోతయి? నడిచేటోళ్లు, బడికి పోయే పిల్లల సైకిళ్లు, ఇప్పపువ్వు మూట, స్ట్రెచర్ తగిలించిన బైకు అంబులెన్స్. ఏం పోవు? కలప లారీ, ఇసుక టిప్పర్, గనుల డంపర్.

అర్థమైందా? నగరంలో బలిసినోళ్ల సోకు అని మనం తిట్టే ఆ సన్నబాట, నడకకూ సైకిల్‌కూ కలిపి వేసే బాట, నిజానికి మన గూడేనికి అచ్చంగా సరిపోతది. పులికి కూడా పెద్దగా ఇబ్బంది ఉండదు. "రోడ్డు వేస్తే అడవి పోతది" అనే అధికారి నోరు కూడా అక్కడే మూతపడతది.

అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో ఒక మాట ఉంది. చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని మనం తలమోతగా, సైకిల్ మీద, తోపుడుబండి మీద తీసుకుపోవచ్చని రాశారు. 2012లో సవరించి, తగిన రవాణా సాధనం ఏదైనా సరే అన్నారు. అంటే సైకిల్‌కు మన చట్టంలో పద్దెనిమిదేళ్ల కిందనే చోటు దొరికింది. సైకిల్ పోయే బాటకే ఇంకా దొరకలేదు.

"పెద్ద రోడ్డే కావాలి, నాలుగు లైన్లు కావాలి, అప్పుడే అభివృద్ధి" అనే మనోళ్లు కూడా ఉన్నరు. వాళ్లకు చరిత్ర గుర్తు చెయ్యాలి. 1922లో గూడెం కొండల్లో తిరుగుబాటు ఎందుకు రాజుకుంది? ఒక కారణం రోడ్డే. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పని చేయించి మన్యం జనానికి సరైన కూలీ ఇవ్వలేదు. ఆ రోడ్డు వాళ్ల కోసం వేసింది కాదు. అడవిని అందుకోవడానికి, పోలీసులు పైకి ఎక్కడానికి వేసింది. ఆగస్టులో చింతపల్లి స్టేషన్ మీద దాడి దాకా పోయింది ఆ కోపం. రోడ్డు వస్తున్నదంటే ఎవరు ఎక్కడానికి వస్తున్నదని అడగడం మన పెద్దలు అప్పుడే నేర్పిపోయారు.

రైలు కథ కూడా అంతే. ఇల్లెందు దగ్గర బొగ్గు దొరికింది కాబట్టి పంతొమ్మిదో శతాబ్దంలోనే అక్కడికి పట్టాలు పోయినయ్. బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు పోవాలి కాబట్టి అరకు కొండల్ని తొలిచి కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. అదే లైను మీద 2017లో అద్దాల పెట్టె పెట్టారు, కూర్చుని మన కొండల్ని చూడటానికి. భద్రాచలం రోడ్ అనే స్టేషన్ చూడండి. పేరు భద్రాచలం, ఉన్నది కొత్తగూడెంలో. రాముడి గుడికి ఇంకా 40 కిలోమీటర్లు పోవాలి. బొగ్గు ఉన్నకాడికి రైలు వచ్చింది, మనిషి ఉన్నకాడికి రాలేదు.

గనులు ఎప్పటికీ ఉండవు. బొగ్గు అయిపోతది. అప్పుడు ఆ పట్టాల జాగా ఎవరిది? అమెరికాలో ఈ ప్రశ్న ముందే వచ్చింది. అక్కడ మూతపడ్డ రైలు లైన్లను నడక బాటలుగా, సైకిల్ బాటలుగా మారుస్తున్నారు. 1983లో దాని కోసం చట్టమే సవరించారు. ఐడహో రాష్ట్రంలో కోర్‌డలేన్ అనే ఆదివాసీ తెగ ఉంది. వాళ్ల నేల మీదుగా వెండి, సీసం గనుల రైలు పోయేది. పట్టాల కింద సీసం కలిసిన మట్టి, సరస్సులో సీసం. 1991లో ఆ తెగ గని కంపెనీల మీద కోర్టుకెక్కింది. ఏళ్లకేళ్లు కొట్లాడారు. చివరికి రైల్వే కంపెనీతో జరిగిన ఒప్పందంలో ఆ లైను జాగా సుమారు 116 కిలోమీటర్ల బాట అయింది. పైన వేసిన తారు కింది విషపు మట్టికి మూత కూడా. రిజర్వేషన్‌లో ఉన్న ముక్కను ఆ తెగే చూసుకుంటది, మిగతాది రాష్ట్రం చూసుకుంటది. వాళ్లకు అన్నీ తిరిగి రాలేదు. సరస్సు అడుగున విషం ఇంకా ఉంది. కానీ బాట ఎవరిదన్న ప్రశ్నకు అక్కడ ఆదివాసీ పేరు కూడా జవాబులో ఉంది. మన ఇల్లెందులో, మణుగూరులో రేపు ఆ ప్రశ్న వచ్చినప్పుడు మన గ్రామసభ పేరు జవాబులో ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఖాళీ అయిన జాగా టెండర్ పిలిచి రిసార్ట్‌కు ఇచ్చేదాకా మనం పుస్తకాల్లో తల పెట్టుకుని ఉండొద్దు.

ఇక అడవిలో "ట్రెక్కింగ్ బాటలు", "ఎకో టూరిజం" అనే మాట. ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. 2025 మే 30న జీవో 49 వచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు లక్షన్నర హెక్టార్లను కన్జర్వేషన్ రిజర్వ్ అన్నారు. దానికి పెట్టిన పేరేంటో తెలుసా? కుమ్రం భీం. జల్ జంగల్ జమీన్ అని 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చినాయన పేరు పెట్టి, ఆయన మనుమళ్ల అడవికే గీత గీసే పని. ఊళ్లకు ఊళ్లు లేచినయ్, జూలైలో జీవోను నిలుపుదల చేశారు. రద్దు చెయ్యలేదు, నిలుపుదల చేశారు. ఆ తేడా మరువకండి.

కట్టె తెచ్చుకోవడానికి మనం పోతే కేసు, కెమెరా పట్టుకుని టూరిస్టు పోతే టికెట్టు. రెండు కాళ్లూ ఒకే నేల మీద నడిచినా, ఒకటి నేరం, ఒకటి వినోదం. ఈ అన్యాయం పోనంతవరకు ఏ ట్రెక్కింగ్ బాటకూ మన ఊరు ఊకొట్టొద్దు.

అడవిలో బాటలు కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. మెస్రం వంశస్తులు ప్రతి ఏడు పుష్యమాసంలో నాగోబా కోసం కేస్లాపూర్ నుంచి జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి జలం తెస్తరు. తరతరాల బాట అది. దాని మీద ఏ బోర్డూ లేదు, ఏ ప్రారంభోత్సవమూ జరగలేదు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)లో సంప్రదాయంగా అనుభవిస్తున్న ఇతర హక్కులన్నిటినీ గుర్తించాలని ఉంది. వేట తప్ప. దేవుడి బాట, సంత బాట, చుట్టాలింటి బాట, చెలమకు పోయే బాట అన్నీ అందులోకి వస్తయి. మనం క్లెయిమ్ ఫారాల్లో పోడు ఎకరాలు రాశాం. బాటలు రాయడం మరిచిపోయాం. రాయని బాట రేపు కంచె పడ్డనాడు మాయమైపోతది.

అందుకే ఏం చెయ్యాలో వరుసగా చెప్తున్న.

ఒకటి. ఈసారి పండక్కి ఊరికి పోయినప్పుడు పెద్దమనుషులను, పటేల్‌ను, దేవారిని కూర్చోబెట్టి మీ ఊరి బాటలన్నీ కాగితం మీద గీయండి. ఫోన్‌లో జీపీఎస్ ఉంది, నడుచుకుంటూ గుర్తు పెట్టండి. ఆ పటాన్ని గ్రామసభ తీర్మానంతో కలిపి సామూహిక హక్కుల ఫారం బిలో పెట్టండి.

రెండు. రోడ్డు లేని ప్రతి గుంపుకు, పెంటకు సెక్షన్ 3(2) కింద సన్నబాట అడగండి. జనాభా వంద లేదంటే, ఈ సెక్షన్‌లో జనాభా షరతు ఎక్కడుందో చూపించమనండి.

మూడు. 1986లో హిమాచల్ కొండ ఊళ్ల కేసులో, రోడ్డు అందుబాటు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 మే 14న, నడిచేటోళ్లకు ఫుట్‌పాత్ కూడా 21వ అధికరణంలోని హక్కేనని చెప్పింది. ఒకటి కొండకు, ఒకటి నగరానికి. రెండూ మీ అర్జీలో రాయండి.

నాలుగు. ఏ ట్రెక్కింగ్ బాటకైనా, సఫారీ బాటకైనా ముందు గ్రామసభ ఒప్పుకోవాలి. టికెట్ డబ్బు గ్రామసభ ఖాతాలో పడాలి. గైడ్ కొలువు మాత్రమే ఇస్తమంటే చాలదు, నిర్ణయం చేసే కుర్చీ కావాలి.

ఐదు. నగరంలో మూసీ బస్తీలోళ్లతో నిలబడండి. ఆర్‌బీ-ఎక్స్ గుర్తుకు, మన పోడు చుట్టూ తవ్వే కందకానికి పెద్ద తేడా లేదు. అఫ్జల్‌గంజ్‌లో ఫుట్‌పాత్ అడిగేటప్పుడు కూడా చిరువ్యాపారిని తరిమి ఇవ్వమని అడగకండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ఆయనకు రక్షణ ఇచ్చింది. ఆయన కూడా నడిచే మనిషే. అడ్డం ఉన్నది ఆగి ఉన్న కారు, ఆయన తట్ట కాదు.

ఇదంతా చదివి "పరీక్ష అయ్యాక చూద్దాం" అనుకుంటే నేను తప్పు పట్టను. ఉద్యోగం కావాలి, ఇల్లు గడవాలి. కానీ ఆ పరీక్షలో 73వ రాజ్యాంగ సవరణ, పీసా చట్టం, ఐదో షెడ్యూల్ వస్తయి కదా. సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని మార్కుల కోసం చదివే ఆ పేజీలే మన ఊరి బాట. రేపు మీలో ఒకరు ఎంపీడీఓ అయితరు, ఒకరు ఎఫ్ఆర్ఓ అయితరు. డోలీ మోసిన భుజం మీద నుంచి వచ్చిన మీరు, బాట అడిగిన గ్రామసభ తీర్మానం బల్ల మీదికి వచ్చినప్పుడు దాన్ని ఏం చేస్తరు? దుర్గమ ప్రాంతం అని రాస్తరా, సంతకం పెడతరా?

ఆ జవాబు ఇప్పుడే అనుకోండి. అనుకున్నాక రోడ్డు దాటండి, జాగ్రత్తగా.

జల్ జంగల్ జమీన్! జై రాంజీ గోండ్! జై కుమ్రం భీం!